ముంజేతి కంకణం

1865లో కుమావూన్ పర్వతసీమకు చెందిన నయన్‌సింగ్ రావత్ అనే ఉపాధ్యాయుడు జపమాల చేతబట్టి టిబెట్టు దిశగా ప్రయాణం సాగించాడు. విదేశీయులకు ప్రవేశం లేని ఆ దేశాన్ని రహస్యంగా కొలిచి రమ్మని సర్వే అధికారులు డెహ్రాడూన్‌లో శిక్షణ ఇచ్చి పంపిన వ్యక్తి ఆయన. ఆ మాలలో 108 పూసలకు బదులు 100 పూసలే ఉండేవి. నూరు అడుగులు నడిచినప్పుడల్లా ఒక పూసను జార్చేవాడు. మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అడుగులు నడిచినట్లు లెక్క. ఎత్తు ఎక్కినా, పల్లం దిగినా అడుగు నిడివి మారకుండా నడవడం ఆయన సాధన చేశాడు. 1866 జనవరిలో లాసా చేరాడు.

ఆయన వేళ్లు చేసిన పనిని నేడు ముంజేతికి చుట్టుకొనే ఫిట్‌నెస్ బ్యాండ్ చేస్తోంది. ముంజేతి కంకణానికి అద్దమేల అని మన పెద్దలు అంటారు గాని, ఈ కంకణం విషయంలో ఆ మాట చెల్లదు. ఇది చూపే అంకెలలో కొన్ని కొలిచినవి, మరికొన్ని ఊహించినవి. రెండూ ఒకే తెరపై, ఒకే తీరున వెలుగుతూ కనిపించడం వల్ల కొనేవారు భ్రమపడే అవకాశం ఉంది. కాబట్టి బ్యాండును ఎంచుకొనే ముందు దాని పనితీరును తెలుసుకోవడం అవసరం.

బ్యాండులోని యాక్సిలరోమీటర్ అనే సూక్ష్మ పరికరం చేతి కదలికలలోని త్వరణాన్ని గుర్తిస్తుంది. నడిచేటప్పుడు చేయి లయబద్ధంగా ఊగుతుంది. ఆ లయను బట్టి అడుగులను లెక్కిస్తుంది. అంటే అది చూసేది కాలిని కాదు, చేతిని. తోపుడు బండి నెట్టుకుంటూ రోజంతా నడిచే శ్రామికుని చేయి ఊగదు కనుక ఆయన అడుగులు అనేకం లెక్కకు రాకుండా పోతాయి. గతుకుల రోడ్డుపై మోటారు సైకిలు నడిపేవానికి మాత్రం నడవని అడుగులు కొన్ని జమ పడవచ్చు! అయినా మామూలు నడకలో ఈ లెక్క చాలావరకు నమ్మదగినదే.

రోజుకు పదివేల అడుగులు అనే లక్ష్యం వైద్యశాస్త్రం నిర్ణయించినది కాదు. టోక్యో ఒలింపిక్ క్రీడల మరుసటి సంవత్సరం, 1965లో, జపానులో ఒక సంస్థ అడుగులు లెక్కించే పరికరానికి ‘మాన్‌పో-కే’ అని పేరు పెట్టింది. పదివేల అడుగుల కొలమానం అని దాని అర్థం. 2019లో అమెరికాలో వృద్ధమహిళలపై వెలువడిన ఒక అధ్యయనంలో, రోజుకు సుమారు 2,700 అడుగులు నడిచేవారి కంటే 4,400 అడుగులు నడిచేవారిలో మరణాల రేటు తక్కువగా కనిపించింది. దాదాపు 7,500 అడుగుల తరువాత ఆ ప్రయోజనం ఇంకా పెరగలేదు. పదివేలు పూర్తికాలేదని రాత్రివేళ వరండాలో అటూ ఇటూ తిరిగే పెద్దలకు ఈ విషయం కొంత ఊరట కలిగిస్తుంది.

బ్యాండు వెనుక భాగంలో మెరిసే ఆకుపచ్చ కాంతి నాడిని చూడడానికి ఉద్దేశించినది. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా శోషిస్తుంది. గుండె సంకోచించినప్పుడు చర్మం కింది రక్తనాళాలలోకి రక్తం ఎక్కువగా వస్తుంది. అప్పుడు తిరిగి వచ్చే కాంతి తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులే నాడిలెక్క. పట్టీ వదులుగా ఉన్నా, ఆ చోట పచ్చబొట్టు ఉన్నా లెక్క తప్పవచ్చు.

2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడు పరికరాలను పరీక్షించారు. వాటిలో ఆరింటి గుండె స్పందనల లెక్కలో దోషం 5 శాతం లోపే ఉంది. ఖర్చయిన కెలోరీల విషయంలో మాత్రం అన్నింటిలో మెరుగైన పరికరం కూడా సగటున 27 శాతం తప్పింది. అధమమైనది 93 శాతం తప్పింది. కెలోరీలను బ్యాండు కొలవదు. వయస్సు, బరువు, నాడి మొదలైన వాటిని బట్టి ఊహిస్తుంది. ఆ అంకెను నమ్మి భోజనం మానడమూ తగదు, అదనంగా తినడమూ తగదు. నిద్ర దశల లెక్క కూడా ఊహయే. వాటిని నిర్ధారించాలంటే మెదడు తరంగాలను నమోదు చేయాలి.

ఇక్కడి వరకు తప్పితే పోయేది కొంత డబ్బు, కొంత శ్రమ. చర్మాన్ని గుచ్చకుండానే రక్తంలో చక్కెరను చూపుతామని చెప్పుకొనే వాచీల సంగతి వేరు. అటువంటి వాచీకి గాని, ఉంగరానికి గాని తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. మధుమేహం ఉన్న తాతగారు ఆ అంకె చూసి ఇన్సులిన్ మోతాదు పెంచుకుంటే కొద్ది గంటలలో ప్రాణాపాయం కలగవచ్చు. ఇంట్లోవారి కోసం బ్యాండు కొనే విద్యార్థి అన్నింటికంటే ముందు గమనించవలసిన విషయం ఇదే. ఇ.సి.జి. తీసే ఖరీదైన వాచీలు సైతం గుండెపోటును గుర్తించలేవు. ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు తెర చూస్తూ కూర్చోరాదు.

ఛార్జింగ్ ఎన్ని రోజులు వస్తుంది, ఎండలో తెర కనిపిస్తుందా, పట్టీ చెమటకు ఒరుసుకుంటుందా అనేవి ఎవరికి వారు చూసుకోవలసినవి. 50 మీటర్ల నీటి నిరోధం అని పెట్టెపై రాసినంత మాత్రాన 50 మీటర్ల లోతుకు దూకవచ్చునని అర్థం కాదు.

బ్యాండు సేకరించిన వివరాలు ఎక్కడికి పోతాయో కూడా విచారించాలి. స్ట్రావా అనే సంస్థ తన సభ్యులు పరుగెత్తిన దారులన్నీ కలిపి ప్రచురించిన ప్రపంచ పటంలో సైనిక స్థావరాల ఆనవాళ్లు బయటపడుతున్నాయని 2018 జనవరిలో వెల్లడైంది. సైనికుల వ్యాయామమే వారి నెలవును చాటింది.

కొన్న మొదటి రోజునే చిన్న పరీక్ష చేయవచ్చు. కళాశాల మైదానంలో నోటితో లెక్కపెట్టుకుంటూ 200 అడుగులు నడిచి, బ్యాండు ఎన్ని చూపిందో చూడాలి. తరువాత కూర్చుని, బ్యాండు లేని చేతి మణికట్టుపై రెండు వేళ్లు ఉంచి, నిండు నిమిషం పాటు నాడి లెక్కించి పోల్చాలి. తేడా ఎక్కువగా ఉంటే పట్టీని మణికట్టు ఎముకకు కాస్త పైకి జరిపి, కొంచెం బిగించి మళ్లీ చూడాలి. అప్పటికీ సరిపడకపోతే, వాపసు గడువు దాటకముందే బిల్లుతో సహా అంగడికి తిరిగి వెళ్లాలి.