డాక్టరు కాకున్నా ప్రాణాలు నిలిపే చదువు

రెండేళ్ల క్రితం ఒక శుక్రవారం, జుమా నమాజు అయ్యాక మా మొహల్లాకు చెందిన ఒక కిరాణా వ్యాపారి తన కుమార్తెను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. అమ్మాయి బి.ఎస్‌సి. న్యూట్రిషన్ ఫస్టు క్లాసులో ప్యాసయింది. అంతకుముందు మెడిసిన్ ప్రవేశ పరీక్ష రెండుసార్లు రాసినా సీటు రాలేదు. తండ్రికి మాత్రం ఆ కోరిక చావలేదు. ఉన్న ఇల్లు తాకట్టు పెట్టయినా విదేశానికి పంపుదామా అని ఆలోచిస్తున్నారు. అమ్మాయేమో ఎం.పి.హెచ్., అంటే ప్రజారోగ్యంలో పీజీ చేస్తానంటోంది. "మౌల్వీ సాబ్, ఇది చదివితే జనం డాక్టరమ్మ అంటారా, అనరా? అది చెప్పండి చాలు" అన్నారాయన.

ఆ చదువు ఏమిటో మాకు తెలియదు. తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. కాని ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నోరు ఊరుకుంటుందా! "అది మురుగు కాలువల్లో మందు చల్లించే ఉద్యోగాల చదువు భాయ్, ఆడపిల్లకు ఎందుకు?" అనేశాము. అమ్మాయి తల వంచుకుని వెళ్లిపోయింది. దరఖాస్తుల గడువు దాటిపోయింది. మా ఒక్క మాటతో ఆ పిల్లకు ఒక సంవత్సరం పోయింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

కొన్ని నెలల తర్వాత ఆ అమ్మాయే ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చి, "ఉస్తాద్ సాబ్, తీరిక ఉన్నప్పుడు చూడండి" అని మా చేతిలో పెట్టింది. ముష్తాక్ చౌదరి, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కలిసి రాసిన 'ఎ సింపుల్ సొల్యూషన్' అది. 1996లో ఢాకాలో అచ్చయింది. మా ఇంగ్లీషు అంతంతమాత్రమే. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాము. విరేచనాలతో చనిపోయే పసిపిల్లల్ని బంగ్లాదేశ్ ఎలా కాపాడుకుందో చెప్పే పుస్తకమది.

విరేచనాలు పట్టుకున్న బిడ్డ ప్రాణం తీసేది సాధారణంగా ఒంట్లోని నీరు, ఉప్పు కారిపోవడం. ఉప్పు, చక్కెర సరైన పాళ్లలో కలిపిన నీళ్లు తాగిస్తే పేగులు వాటిని పీల్చుకుంటాయి. ఇలా తాగించడం కలరా రోగులకు పనిచేస్తుందని 1968లో ఢాకాలోని కలరా పరిశోధనాలయం తేల్చింది. ఆ పరిశోధకుల్లో రిచర్డ్ క్యాష్ ఒకరు. 1971 యుద్ధ సమయంలో మన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో శరణార్థులకు కలరా సోకింది. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ వద్ద ఎక్కించే సెలైన్ అయిపోవచ్చింది. ఆయన ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు ఆ నీళ్లు తాగినవారిలో నాలుగు లోపుకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడు ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

అంటే 1971 నాటికే మందు దొరికింది. అయినా ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పల్లెల్లో బిడ్డలు చనిపోతూనే ఉన్నారు. మందు ప్రయోగశాలలో ఉంది, బిడ్డ గుడిసెలో ఉంది. ఈ రెంటి మధ్య దూరాన్ని ఎవరు దాటించాలి? ఆ అమ్మాయి చదువుతానన్న చదువు సరిగ్గా ఈ దూరం గురించిందే. మేము దాన్ని మురుగు కాలువ అనుకున్నాము.

దూరం దాటించిన సంస్థ పేరు బ్రాక్. 1972లో దాన్ని స్థాపించిన ఫజ్లే హసన్ ఆబిద్ గారు డాక్టరు కాదు. లండన్‌లో అకౌంటెన్సీ చదివి, షెల్ కంపెనీలో ఉద్యోగం చేసిన మనిషి. పుస్తకం రాసిన ముష్తాక్ చౌదరి గారూ మందులు రాసే డాక్టరు కాదు. ఢాకా విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ చదివి, తర్వాత లండన్‌లో పరిశోధన చేసి పట్టా తెచ్చుకున్నవారు. బి.కామ్. చదివిన పిల్లల్ని చూసి "నీకు ఆసుపత్రితో ఏం పని" అనేవారు ఈ సంగతి గమనించాలి.

1980లో బ్రాక్ వారు ఇంటింటికీ ఆడవాళ్లను పంపడం మొదలుపెట్టారు. కొద్దిపాటి చదువున్న సాధారణ పల్లె మహిళలే. ప్రతి తల్లికీ నేర్పింది ఒక్కటే: మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర శేరు నీళ్లు. ఇంట్లో లేనిది ఒక్కటీ లేదు. మన ఇళ్లలో పెద్దవాళ్లు 'చుట్కీ భర్ నమక్, ముఠ్ఠీ భర్ గుడ్' అనే కొలతలే ఇవి. కాని ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. కనుక చెప్పేసి వెళ్లిపోతే చాలదు, తల్లి తన చేత్తో కలిపి చూపించాలి.

ఇక్కడొక చిక్కుంది. వేలాది ఊళ్లు తిరిగే పనివాళ్లు నిజంగా నేర్పారో, గుమ్మంలో నిలబడి నాలుగు ముక్కలు చెప్పి రిజిస్టర్‌లో రాసుకుపోయారో ఎలా తెలుస్తుంది? టీచర్లం కనుక ఈ చిక్కు మాకు బాగా తెలుసు. పాఠం పూర్తయిందని డైరీలో రాయడం వేరు, పిల్లవాడికి రావడం వేరు. బ్రాక్ వారు చేసింది చూడండి. నేర్పిన ఇళ్లలో పదింట ఒక ఇంటిని ఎంచుకుని, కొన్ని వారాల తర్వాత వేరే మనిషిని పంపేవారు. తల్లికి ఎన్ని విషయాలు గుర్తున్నాయో అడిగేవారు. కలిపించి, ఆ నీళ్లలో కొంత సీసాలో పట్టుకెళ్లి ఉప్పు పాలు పరీక్షించేవారు. దాన్నిబట్టి తల్లికి గ్రేడు, ఆ గ్రేడును బట్టి నేర్పిన ఆమెకు కూలి. ఎన్ని ఇళ్లు తిరిగిందన్నది కాదు, ఎంత గుర్తుండేలా చెప్పిందన్నది లెక్క. మన మదర్సాల్లో, బడుల్లో ఇలా జీతమిస్తే మాలో ఎంతమందికి నెల గడిచేదో!

ఇంత చేసినా మరో దెబ్బ తగిలింది. తల్లులు పరీక్షలో అన్నీ చెబుతున్నారు, కలిపి చూపిస్తున్నారు. తీరా బిడ్డకు విరేచనాలు వచ్చినప్పుడు తాగించేవారు మాత్రం చాలా తక్కువ. చేసేవాళ్లు వేరొకరైతే తల్లులదే తప్పని ఫైలు మూసేసేవారు. బ్రాక్ వారు కారణం వెతకడానికి మనుషుల్ని పల్లెల్లో పెట్టారు. తేలినవి ఆశ్చర్యం కలిగిస్తాయి. విరేచనాలకు ఆ పల్లెల్లో ఒక్క పేరు కాదు, నాలుగు పేర్లున్నాయి. తల్లిపాల వల్ల పసిబిడ్డకు వచ్చేదని ఒకటి, అజీర్ణం వల్ల వచ్చేదని ఒకటి, జిగటగా పడేది ఒకటి, నీళ్లలా కారి భయపెట్టేది ఒకటి. తమకు నేర్పిన నీళ్లు ఆఖరి దానికే అని తల్లులు అనుకున్నారు. మన ఇళ్లలో 'పళ్లు వస్తున్నాయి', 'నజర్ తగిలింది' అని ఊరుకోవడం లేదా? అలాంటిదే. అంతేకాదు, నేర్పే మహిళల్లోనే కొందరికి ఈ నీళ్ల మీద నమ్మకం లేదు. తమకు విరేచనాలైతే మాత్రలు మింగుతున్నారు! మగవాళ్లకేమో, తమతో ఒక్క మాట చెప్పకుండా ఇంట్లోకొచ్చి ఆడవాళ్లకు నేర్పుతున్నారని కినుక.

లోపం తెలిశాక ఒక్కొక్కటే సరిచేశారు. నేర్పేవాళ్లే ముందు తాము తాగి చూపించాలన్నారు. మగవాళ్లకు వేరుగా బజార్లలో, బడుల్లో, మసీదుల్లో కూర్చోబెట్టి చెప్పారు. పదేళ్లలో కోటీ ఇరవై లక్షల కుటుంబాల గడప తొక్కారు. విరేచనాల వల్ల బిడ్డలు చనిపోవడం ఆ దేశంలో ఎంతగానో తగ్గిపోయింది. అందుకు పరిశుభ్రత, టీకాలు, ఆడపిల్లల చదువు కూడా తోడయ్యాయి, నిజమే. కాని ఈనాటికీ అక్కడి తల్లులకు ఈ నీళ్లు తాగించడం పెరుగు తోడు వేసినంత మామూలు పని.

ఇప్పుడు ఆ చదువులో ఏముంటుందో చెప్పడం సులువవుతుంది. జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో లెక్కకట్టేది ఎపిడమాలజీ. పదింట ఒక ఇంటిని చూసి మొత్తం ఎలా అంచనా వేయాలో చెప్పేది స్టాటిస్టిక్స్. నాలుగు పేర్ల సంగతి బయటపెట్టేది సామాజిక శాస్త్రం. కూలిని ఎలా ముడిపెడితే పని నికరంగా జరుగుతుందో చూసేది మేనేజ్‌మెంట్. ఇవన్నీ కలిపి సాధారణంగా రెండేళ్ల పీజీ. ఆపైన పీహెచ్.డి. చేయవచ్చు. అప్పుడు పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చు గాని నాడి పట్టకూడదు.

ఇక పాలసీ. ఈ మాట వింటే మంత్రులు, ఫైళ్లు గుర్తొస్తాయి. కాని మన ఇంటి బీరువాలో ఉన్న ఆరోగ్యశ్రీ కార్డే పాలసీ. 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై తర్వాత రాష్ట్రమంతా వ్యాపించింది. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలున్న పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలు చేశారు. గుండె ఆపరేషన్ ఉచితంగా జరిగి ఇంటికొచ్చిన వారు మన మొహల్లాల్లో ఎందరో ఉన్నారు. వారి దుఆలు ఆ పథకానికి తప్పక తగులుతాయి. అయితే అదే ఇంట్లో అమ్మీకి షుగరు మాత్రలు, అబ్బాకు బీపీ మాత్రలు నెలనెలా మెడికల్ షాపులో సొంత డబ్బుతో కొంటున్నారు. పట్టికలో ఉన్న పెద్ద ఆపరేషన్లకు కార్డుంది, ఆ ఆపరేషన్ అవసరం రాకుండా కాపాడే మాత్రకు లేదు. సర్కారు దవాఖానాలో ఉచితంగా ఇస్తారు, కాని ఒక రోజు కూలి పోగొట్టుకుని వరుసలో నిలబడాలి. ఉన్న డబ్బు దేనికి ఎంత పెట్టాలి? మా ఉద్దేశంలో మాత్రలకు ముందు పెట్టాలి. మా ఉద్దేశానికి విలువ లేదు, లెక్క కట్టి చూపించేవారి మాటకు ఉంటుంది. ఆ లెక్క కట్టేవారిలో మన ఇళ్ల పిల్లలు ఎంతమంది?

ఎక్కడ చదవాలంటారా? దేశంలో 1997లోనే ఎం.పి.హెచ్. ప్రారంభించింది తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థకు చెందిన అచ్యుత మీనన్ కేంద్రం. కలకత్తాలో 1932 నాటి ఆలిండియా హైజీన్ సంస్థ ఉంది. ఢిల్లీ జె.ఎన్.యూ.లో, ముంబై టాటా సంస్థలో ఈ విభాగాలున్నాయి. మనకు దగ్గరలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, 2008లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉన్నాయి. ఢాకాలో బ్రాక్ వారు 2004లో స్థాపించిన స్కూలుకు ముష్తాక్ చౌదరి గారే మొదటి డీన్. కొన్నిచోట్ల ఏ డిగ్రీ అయినా చాలు, కొన్నిచోట్ల వైద్యం, నర్సింగ్, యునానీ వంటివి చదివిన వారినే తీసుకుంటారు. కాబట్టి ఎవరో చెప్పారని కాక, ప్రాస్పెక్టస్ తెప్పించుకుని చదవండి.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. ఈ చదువు చదివిన వెంటనే సర్కారు నౌకరీ దొరుకుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. చాలా ఉద్యోగాలు రెండేళ్లకో మూడేళ్లకో ఒప్పందం మీద ఉంటాయి. ప్రాజెక్టు అయిపోతే మరొకటి వెతుక్కోవాలి. పల్లెలు తిరగాలి. బోర్డు మాత్రమే పెద్దదిగా ఉండి, పాఠం చెప్పేవారు లేని ప్రైవేటు కాలేజీలూ ఉన్నాయి. ఫీజు కట్టే ముందు, గత రెండేళ్లలో చదివి వెళ్లినవారు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో అడగండి. చెప్పలేకపోతే లేచి వచ్చేయండి.

ఆ కిరాణా భాయ్ ఇంటికి ఈసారి మేమే వెళ్లాము. "నేను ఆనాడు తెలియక చెప్పాను, మాఫ్ చేయండి" అన్నాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "డాక్టరమ్మ అనరు కదా" అన్నారు మళ్లీ. అమ్మాయే జవాబిచ్చింది: "అబ్బా, మన దుకాణంలో ఉప్పూ బెల్లం రెండూ ఉన్నాయి. వాటితో ఎన్ని ప్రాణాలు దక్కాయో ఉస్తాద్ సాబ్‌ను అడగండి." ఆయన నవ్వారు. ఇల్లు తాకట్టు మాట ఆ రోజు నుండి ఎత్తలేదు.

అమ్మాయి ఇప్పుడు మొదటి సంవత్సరం పూర్తి చేసింది. సెలవులకు వచ్చి, ఆరోగ్యశ్రీ కార్డున్న ఇళ్లలో మందుల షాపుకు నెలకు ఎంత పోతోందో రాసుకుంటానని బయలుదేరింది. మొదటి ఇల్లు మాదే. బేగం డబ్బాలో దాచిన చీటీలన్నీ బయటకు తీసింది. మేము "ఐదారు వందలు ఉంటుందేమో బేటీ" అన్నాము. ఆమె మా మాట రాసుకోలేదు. చీటీలు ఒక్కొక్కటే తీసుకుని తేదీల వారీగా పేర్చడం మొదలుపెట్టింది.