జెనీవాలో ఖాళీ కుర్చీలు



షోలాపూరు వైపు చెరకు వేసేవాళ్లు, రాయచూరు, బళ్లారి నల్లరేగళ్లలో పత్తి పండించేవాళ్లు, యానాం చుట్టుపక్కల రొయ్యల చెరువులు చూసుకునేవాళ్లు మీలో ఉన్నారు. జెనీవా అన్న ఊరితో మీకు ఎప్పుడూ పని పడి ఉండదు. కాని మీ సరుకుల తగాదాలు ఆ ఊరికి వెళుతుంటాయి. అక్కడ కడపటి తీర్పు చెప్పవలసిన ఏడు కుర్చీలూ 2020 నవంబరు చివర నుంచి ఖాళీ. అవి ఎలా ఖాళీ అయ్యాయో ఈ పూట చెప్పుకుందాం.

1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. అంతకు ముందు గాట్ ఒప్పందం కాలంలో, ఓడిన దేశం "ఈ తీర్పు నాకు సమ్మతం కాదు" అంటే చాలు, ఆ తీర్పు అటకెక్కేది. కొత్త సంస్థలో ఆ వీలు తీసేశారు. ముందు ఒక విచారణ బృందం తగాదా వింటుంది. దానిమీద అప్పీలు చేసుకోవచ్చు. అప్పీళ్లు వినేందుకు ఏడుగురు సభ్యులు. ఒక్కొక్కరికి నాలుగేళ్ల పదవి, మరొక్కసారి పొడిగించవచ్చు. ఒక్కో అప్పీలును ముగ్గురు కలిసి వింటారు. ఇంత గట్టి ఏర్పాటు కావాలని పట్టుబట్టినవాళ్లలో అమెరికాయే ముందుంది. ఈ మాట కొంచెం గుర్తు పెట్టుకోండి.

చిన్నవాడు పెద్దవాణ్ణి గెలవడం ఇక్కడ కథల్లో మాట కాదు. 1996లో ఈ అప్పీలు పీఠం ఇచ్చిన మొట్టమొదటి తీర్పులోనే, పెట్రోలు నిబంధనల విషయంలో వెనిజులా, బ్రెజిల్ అమెరికాపై నెగ్గాయి. పత్తి రైతులు వినవలసిన కేసు మరొకటి ఉంది. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీల మీద 2002లో బ్రెజిల్ ఫిర్యాదు చేసింది. 2005లో అప్పీలులోనూ గెలిచింది. అమెరికా సబ్సిడీలు మానలేదు గాని, బ్రెజిల్ ప్రతీకార సుంకాలకు సిద్ధపడేసరికి ఏడాదికి 14 కోట్ల 73 లక్షల డాలర్ల చొప్పున బ్రెజిల్ పత్తి రైతుల కోసం చెల్లించడానికి ఒప్పుకుంది. 2014లో మరో 30 కోట్ల డాలర్లతో ఆ తగాదా ముగిసింది.

మరి అడ్డు ఎక్కడ పడింది? సభ్యుల నియామకానికి అన్ని దేశాలూ ఒప్పుకోవాలి. ఊళ్లో పెద్దమనుషుల్లో ఒకరు తప్పుకున్నప్పుడల్లా, కొత్తవారిని కూర్చోబెడదామంటే మోతుబరి ఒక్కడు "వద్దు" అంటూ ఉంటే ఏమవుతుంది? తీర్పు చెప్పేవాళ్లు ఉండరు. 2016లో ఒబామా హయాంలో అమెరికా దక్షిణ కొరియా సభ్యుడి పదవి పొడిగింపును ఆపింది. 2017 నుంచి ట్రంప్ ప్రభుత్వం నియామకాలన్నిటినీ ఆపేసింది. 2019 డిసెంబరు 10న ఇద్దరి గడువు తీరింది. వారిలో ఒకరు మన దేశానికి చెందిన ఉజల్ సింగ్ భాటియా. మిగిలింది ఒక్కరే, చైనా సభ్యురాలు. ఒక్కరితో విచారణ సాగదు. మరుసటి ఏడు నవంబరు 30న ఆమె గడువూ తీరింది. తరువాత వచ్చిన బైడెన్ ప్రభుత్వం కూడా ఆ పట్టు సడలించలేదు. పార్టీ మారినా పట్టు మారలేదు.

అమెరికా చెప్పే కారణాలు బొత్తిగా కట్టుకథలని నేననను. తొంభై రోజుల్లో తేల్చవలసిన అప్పీళ్లు గడువు దాటేవి, నిజమే. ఒప్పందంలో లేని బాధ్యతలను పీఠం తన తీర్పులతో సృష్టిస్తోందన్నది మరో ఆరోపణ. అయితే దూలానికి చెద పట్టిందని ఇల్లు కూల్చుకుంటామా? మరమ్మతు సూచనలు చాలానే వచ్చాయి. ఏవీ అమెరికాకు నచ్చలేదు.

ఇప్పుడు చెరకు సంగతి. మన చెరకు మద్దతు ధర, చక్కెర ఎగుమతి రాయితీలు నిబంధనలు దాటాయని బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా ఫిర్యాదు చేశాయి. 2021 డిసెంబరులో విచారణ బృందం మనకు వ్యతిరేకంగా చెప్పింది. 2022 జనవరిలో మన ప్రభుత్వం అప్పీలు చేసింది. వినేవాళ్లు లేరు గనుక తీర్పు అక్కడే ఆగిపోయింది. అంటే ఆ ఖాళీ కుర్చీల నీడ మన చెరకు రైతుకూ దక్కింది. దాచుకోవలసిన సంగతేమీ కాదు.

కాని ఆ నీడ అందరికీ ఒకటే. 2018లో ఉక్కు మీద 25 శాతం సుంకం వేసిన అమెరికా, 2022 డిసెంబరులో అది తప్పని తీర్పు రాగానే, తాను ఖాళీ చేయించిన పీఠానికే 2023 జనవరిలో అప్పీలు పెట్టుకుంది! 2025 ఆగస్టులో మన ఎగుమతులు చాలావాటి మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, రొయ్యల వ్యాపారులు ఎవరితో మొర పెట్టుకోవాలో తెలియక తల పట్టుకున్నారు. జెనీవాలో గెలిచినా దారి అదే కదా: అప్పీలు, ఆపైన నిశ్శబ్దం.

ఐరోపా సమాఖ్య, మరికొన్ని దేశాలు 2020లో తమలో తాము తాత్కాలిక అప్పీలు ఏర్పాటు చేసుకున్నాయి. మన దేశం అందులో చేరలేదు. పాత పీఠాన్నే నిలబెట్టాలన్నది మన వాదన. 2024లోగా అంతా చక్కదిద్దుతామని 2022 జూన్‌లో మంత్రుల మహాసభ చెప్పిన గడువు దాటిపోయింది.

వివాద పరిష్కార సభ కూడినప్పుడల్లా ఖాళీలు నింపాలని 130 దేశాల తరఫున ఒక ప్రతిపాదన వస్తుంది. అమెరికా ప్రతినిధి తమకు సమ్మతం కాదంటారు. 2025 మొదటికే ఇది ఎనభై సార్లు దాటింది. అధ్యక్షుడు తరువాతి అంశానికి వెళతారు.