కంప్యూటరుకు నిద్ర చెడితే

పద్నాలుగేళ్ళు లక్ష్మణస్వామి కన్ను మూయలేదనీ, ఆయన నిద్ర కూడా ఊర్మిళాదేవే పోయిందనీ మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. ఒకరికి నిద్ర లేదు, ఒకరికి మెలకువ లేదు. ఈ మధ్య మన కంప్యూటర్లకు పట్టుకున్న జబ్బులు కూడా సరిగ్గా ఈ రెండే. పడుకోబెడితే అర్ధరాత్రి లేచి కూర్చునేవి కొన్ని. తెల్లవారి ఎంత లేపినా కన్ను తెరవనివి కొన్ని.

ఈ జబ్బులకొక ఋతువుంది. విండోస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టం, అనగా కంప్యూటరు చేత పనిచేయించే మూల యంత్రాంగం, 2015 జూలైలో వచ్చింది. పదేళ్ళు నడిచిన తరువాత, 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థ దానికి మామూలుగా ఇచ్చే రక్షణ మరమ్మతులు ఆపివేసింది. అంతకు ముందూ ఆ తరువాతా ఎందరో విండోస్ 11కు మారారు. చాలామందికి ఏ ఇబ్బందీ రాలేదు. వచ్చినవాళ్ళలో కొందరు మా కాలేజీలో నా గది వెతుక్కుంటూ వస్తున్నారు.

తెలుగు పంతులికి ఈ వైద్యమేమిటని మీరు అడగవచ్చు. నేను చదివింది తెలుగు ఎం.ఏ. మాత్రమే. కాని ఈ జబ్బు కుదర్చడానికి ఇంజనీరింగు కన్న ఓపిక ఎక్కువ కావాలి. ఏళ్ళ తరబడి సంధులూ సమాసాలూ చెప్పేవాడికి దానికేమీ లోటుండదు.

ముందుగా ఒక్క మాట. నిద్ర చెడిన కంప్యూటరు వేరు, చెడిపోయిన కంప్యూటరు వేరు. ఈ తేడా తెలియక కొందరు డబ్బు పోగొట్టుకుంటున్నారు. డబ్బు పోతే పోయిందనుకోవచ్చు. మళ్ళీ సంపాదించలేని వాటిని కూడా పోగొట్టుకుంటున్నారు.

మూడు రకాల నిద్ర

మనకు కోడినిద్రా, గాఢనిద్రా ఉన్నట్టే యంత్రానికీ నిద్రలో తేడాలున్నాయి.

మొదటిది మామూలు నిద్ర. తెర ఆరిపోతుంది, పంకా ఆగిపోతుంది, మెదడు విశ్రాంతి తీసుకుంటుంది. మనం చేస్తున్న పని మాత్రం తాత్కాలిక జ్ఞాపకంలో, అంటే మెమరీలో అలాగే ఉంటుంది. ఈ మెమరీ చిల్లుకుండ వంటిది. అందులో విద్యుత్తు ఎప్పటికప్పుడు కారిపోతూ ఉంటుంది. సాధారణంగా ప్రతి గడినీ 64 మిల్లీ సెకన్లకొకసారి, అంటే సెకనుకు దాదాపు పదహారుసార్లు, మళ్ళీ నింపుతూ ఉండాలి. యంత్రం నిద్రపోతున్నా ఈ నింపుడు ఆగకూడదు. అందుకే బల్లమీది కంప్యూటరును మామూలు నిద్రలో ఉంచినప్పుడు కరెంటు పోతే, భద్రం చేయని పని కూడా దానితోపాటే పోతుంది.

రెండవది గాఢనిద్ర. దీని పేరు హైబర్నేట్. పడుకోబోయే ముందు యంత్రం తన జ్ఞాపకంలో ఉన్నదంతా డిస్కుమీద రాసిపెట్టుకుని, పూర్తిగా ఆరిపోతుంది. లేవడానికి కాస్త ఆలస్యమవుతుంది గాని, కరెంటు పోయినా, బాటరీ అయిపోయినా భయం లేదు.

మూడవదే కోడినిద్ర. దీనిని మోడరన్ స్టాండ్‌బై అంటారు. తెర ఆరి ఉంటుంది. లోపల మాత్రం ప్రాణం కొద్దిగా కదులుతూ ఉంటుంది. చాలా యంత్రాలు ఆ స్థితిలోనే ఇంటర్నెట్టును అంటిపెట్టుకుని ఉత్తరాలు కూడా అందుకోగలవు. మీట నొక్కగానే ఫోనులాగా లేస్తుంది. ఇటీవలి లాప్‌టాపులలో చాలావాటికి ఈ నిద్రే.

మీ యంత్రానికి ఏ నిద్రలు వచ్చునో అదే చెబుతుంది. విండోస్ బొమ్మ ఉన్న మీటనూ, ఎక్స్ మీటనూ కలిపి నొక్కితే ఒక జాబితా వస్తుంది. అందులో టెర్మినల్ అడ్మిన్ అన్నది తెరవండి. పవర్‌సిఎఫ్‌జి అనే మాటను ఇంగ్లీషు అక్షరాలలో, మధ్యలో ఎడం లేకుండా టైపు చేసి, తరువాత కాస్త ఎడం విడిచి, ఒక ఏటవాలు గీతా దాని పక్కనే ఏ అక్షరమూ కొట్టి ఎంటర్ నొక్కండి. ఏ నిద్ర ఉన్నదో, ఏది లేదో, ఎందుకు లేదో వరసగా చూపిస్తుంది. ఈ పవర్‌సిఎఫ్‌జి అన్న మాట గుర్తుంచుకోండి. మన వైద్యానికి నాడి అదే.

తాళంచెవులు చేతులు మారితే

ఆపరేటింగ్ సిస్టం మారితే నిద్ర ఎందుకు చెడాలి? దీనికి కొంచెం వెనకటి చరిత్ర ఉంది.

1992లో ఇంటెల్, మైక్రోసాఫ్టు సంస్థలు ఏ.పి.ఎం. అనే పద్ధతి తెచ్చాయి. అందులో యంత్రాన్ని నిద్రపుచ్చే పెత్తనం చాలావరకు పుట్టుకతోనే దానిలో ఉండే బయోస్‌ది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్టు, తోషిబా కలిసి ఏ.సి.పి.ఐ. అనే కొత్త పద్ధతి ప్రకటించాయి. దానితో పెత్తనం ఆపరేటింగ్ సిస్టం చేతికి వచ్చింది. అయితే ఆ పెద్ద ఒక్కటే ఏమీ చేయలేదు. తెరకూ, ధ్వనికీ, ఇంటర్నెట్టుకూ ఒక్కొక్క డ్రైవరు, అంటే ఆ భాగం చేత పనిచేయించే చిన్న ప్రోగ్రాము, ఉంటుంది. "పడుకోండి" అని పెద్ద చెప్పగానే అందరూ పడుకోవాలి. "లేవండి" అనగానే అందరూ లేవాలి.

ఉమ్మడి కుటుంబంలో తాళంచెవుల గుత్తి అత్తగారి నడుము నుంచి కోడలి నడుముకు వచ్చిందనుకోండి. ఇల్లు అదే, వంట అదే, మనుషులూ వాళ్ళే. అయినా నాలుగు రోజులు ఏ డబ్బాలో ఏముందో దొరకదు. పాలవాడికి చెప్పవలసింది చాకలికి చెబుతారు. ఇందులో అత్తగారి తప్పూ లేదు, కోడలి తప్పూ లేదు. కొత్త సిస్టం వచ్చినప్పుడు జరిగేది ఇదే. పాత డ్రైవరు కొత్త ఆజ్ఞను సరిగా అందుకోదు. లేదా తయారీదారు ఇచ్చిన డ్రైవరు స్థానంలో అందరికీ సరిపోయే సాదా డ్రైవరు వచ్చి కూర్చుంటుంది. లేదా మీరు వెనక చేసుకున్న ఏర్పాట్లు కొన్ని మొదటికి వస్తాయి.

కాబట్టి వైద్యం చేసేవాడు అడగవలసిన ప్రశ్న "యంత్రం పోయిందా?" అని కాదు. "ఇంట్లో ఎవరు మాట వినడం లేదు?" అని.

నిద్ర పట్టని జబ్బు

పడుకోబెట్టినా తనంతట తానే లేచే యంత్రాన్ని, లేచిన వెంటనే అడగాలి: నిన్ను లేపిందెవరు? టెర్మినల్‌లో పవర్‌సిఎఫ్‌జి కొట్టి, ఏటవాలు గీత పక్కన లాస్ట్‌వేక్ అని కొడితే చాలాసార్లు పేరు చెబుతుంది. తరచుగా దొరికే దొంగలు ముగ్గురు.

ఒకటి మౌసు. పక్కన లారీ పోయి బల్ల అదిరినా, పిల్లి తోక తగిలినా అది కదులుతుంది, యంత్రం లేస్తుంది. రెండవది ఇంటర్నెట్టు కార్డు. దూరం నుంచి కంప్యూటరును లేపడానికి కార్యాలయాలవారికి ఒక సదుపాయం ఉంది; ఇళ్ళల్లో దాని అవసరం తక్కువ. ఈ రెండింటికీ మందొకటే. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం పేరుమీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ అన్న పుటలో, ఈ పరికరం కంప్యూటరును లేపవచ్చు అన్న అర్థం వచ్చే వాక్యానికెదురుగా ఉన్న టిక్కు తీసివేయండి. మూడవది వేక్ టైమరు, అనగా అలారం. రాత్రిపూట మరమ్మతులు చేసుకోవడానికి సిస్టం తానే పెట్టుకునే అలారాలుంటాయి. ఏటవాలు గీత పక్కన వేక్‌టైమర్స్ అని కొడితే అవి బయటపడతాయి. చాలా యంత్రాలలో కంట్రోల్ పానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో వాటిని ఆపవచ్చు.

అసలు కునుకే తీయని యంత్రానికి ప్రశ్న వేరు. అక్కడ రిక్వెస్ట్స్ అని కొట్టాలి. నిద్రపోవద్దని ఎవరు పట్టుకు కూర్చున్నారో పేర్లతో సహా వస్తుంది. ఒక ఇంట్లో చూస్తే, తెర వెనుక ఎప్పుడో తెరిచి మరచిపోయిన సుప్రభాతం నడుస్తూనే ఉంది. ధ్వని బాగా తగ్గించి ఉండడంవల్ల ఇంటిల్లిపాదికీ అది వినబడలేదు. యంత్రానికి మాత్రం వినబడుతోంది. అది స్వామివారిని లేపే పాటాయె, తానెలా పడుకుంటుంది?

మెలకువ రాని జబ్బు

మనిషిని బెదరగొట్టేది ఇదే. మా కాలేజీలో చరిత్ర చెప్పే ఒక పెద్దావిడ కొత్త సిస్టం వేయించుకున్న మూడవ రోజున లాప్‌టాపు మూత వేసి పడుకున్నారు. ఉదయం మూత తీస్తే తెర నల్లగా ఉంది. చిన్న దీపం వెలుగుతోంది, తెర మాత్రం రాదు. ఊళ్ళో ఒక దుకాణానికి తీసుకువెళితే, అతను రెండు నిమిషాలు చూసి, "లోపలిదంతా తుడిచి కొత్తగా ఎక్కించాలండీ. డేటాకు మాత్రం మా పూచీ లేదు" అన్నాడట. ఆమె సరేననలేదు. యంత్రం చంకన పెట్టుకుని తిన్నగా కాలేజీకి వచ్చారు.

"మాస్టారూ, ఉద్యోగం కాగితాలు పోతే పోనీండి, మళ్ళీ రాసుకుంటాను. ఇందులో మా అమ్మ పాడిన పాటలున్నాయి. ఆమె పోయి రెండేళ్ళయింది. ఇంకెక్కడా లేవు," అన్నారు.

ఇలాంటప్పుడు మొదట చేయవలసిన పరీక్ష ఒకటుంది. క్యాప్స్‌లాక్ మీట నొక్కి దాని దీపం చూడాలి. వెలిగి ఆరుతూ ఉంటే యంత్రం మేలుకునే ఉన్నదన్నమాట. తెర ఒక్కటే లేవలేదు. ఆమె యంత్రంలో దీపం వెలిగింది, మళ్ళీ నొక్కితే ఆరింది. అప్పుడు విండోస్ మీట, కంట్రోల్, షిఫ్టు, బి, ఈ నాలుగూ కలిపి నొక్కాను. తెరను నడిపే డ్రైవరును మళ్ళీ మొదలుపెట్టే ఆజ్ఞ అది. చిన్న కూత వినబడింది. తెర ఒకసారి మిణుకుమని వెలిగింది.

ఆమె సంతోషించి మూత వేయబోతే వద్దన్నాను. ముందు పాటలు. వాటిని ఒక పెన్‌డ్రైవులోకీ, ఒక బయటి డిస్కులోకీ ఎక్కించాం. సరిగా వచ్చాయో లేదో చూడడానికి ఒకటి పెట్టాం. ముసలి గొంతు, మధ్యలో దగ్గు, వెనుక ఎక్కడో కుక్కరు కూత. ఆ పాట అయ్యేదాకా ఆమె నిలబడే ఉన్నారు. తరువాత తయారీదారు వెబ్‌సైటు నుంచి ఆ నమూనాకు సరిపోయే తెర డ్రైవరు తెచ్చి వేశాం. అప్పటినుంచి అది బుద్ధిగా పడుకుంటోంది, బుద్ధిగా లేస్తోంది. ఖర్చు ఒక పూట.

క్యాప్స్‌లాక్ దీపం కూడా పలకకపోతే, పవర్ మీటను 10 సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే సాధారణంగా యంత్రం ఆరిపోతుంది. మళ్ళీ మామూలుగా నొక్కితే మొదటినుంచి మొదలవుతుంది. భద్రం చేయని పని పోతుంది గాని, డిస్కులో ఇదివరకే భద్రమైనవాటికి మామూలుగా ఏమీ కాదు. ఇది రోజూ చేయవలసిన వైద్యం కాదు. ఊపిరి ఆడనప్పటి వైద్యం.

సంచిలో జ్వరం

కోడినిద్ర యంత్రాలకు ఇంకొక చిక్కుంది. మూత వేసి సంచిలో పెట్టుకుని బస్సెక్కుతాం. దారిలో అది ఏదో పనిమీద లేస్తుంది. సంచిలో గాలి ఆడదు. దిగేసరికి యంత్రం కాలిపోతూ ఉంటుంది, బాటరీ అడుగంటి ఉంటుంది. వేడి బాటరీ ఆయువును తినేస్తుంది. ఇలా జరిగితే ఏటవాలు గీత పక్కన స్లీప్‌స్టడీ అని కొట్టండి. గడచిన మూడు రోజులలో యంత్రం ఎప్పుడెప్పుడు పడుకుందో, ఆ నిద్రలో ఎవరు కదిలారో, ఎంత బాటరీ పోయిందో పట్టిక వేసి ఇస్తుంది.

ప్రయాణాలవారికి తేలిక మార్గం మరొకటుంది. మూత వేస్తే హైబర్నేట్ కావాలని కంట్రోల్ పానెల్‌లో ఏర్పాటు చేసుకోవడం. లేవడానికి కొన్ని క్షణాలు ఎక్కువ పడితే పట్టనీండి.

మందుకన్న పథ్యం

మందులన్నీ ఒక్కసారే మింగకూడదు. ఒక మార్పు చేసి, ఒక రాత్రి గడవనిచ్చి, ఫలితం చూసి రెండవదానికి వెళ్ళాలి. నాలుగు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఏది చేశామో తేదీతో సహా ఒక కాగితంమీద రాసుకుంటే ఇంకా మంచిది. డ్రైవర్లను తయారీదారు నుంచే తెచ్చుకోవాలి. ఉచితంగా అన్నీ బాగుచేస్తామని తెరమీద మెరిసే ప్రకటనల జోలికి పోకూడదు.

ఏమి చేసినా కుదరకపోతే, విండోస్ 11కు మారిన 10 రోజుల లోపల పాతదానికి తిరిగిపోయే దారి మామూలుగా సెట్టింగ్స్‌లోని రికవరీలో ఉంటుంది. విండోస్ 10కు మరమ్మతులు ఆగిపోయాయి కనుక అది విడిదే గాని కాపురం కాదు.

ఇక అన్నిటికన్న ముఖ్యమైనది, సిస్టం మార్చే ముందే చేయవలసినది, ఒకటే. అమ్మ గొంతూ, నాన్న దస్తూరీ, పిల్లల ఫొటోలూ, అబ్బాయి పరిశోధన వ్యాసమూ, ఇలాంటివాటికి మరొక ప్రతి ఇంకొకచోట ఉండాలి. ప్రతి ఉన్న ఇంట్లో యంత్రం మొండికేస్తే అది రెండు రోజుల విసుగు. ప్రతి లేని ఇంట్లో మొండికేస్తే, దుకాణంవాడు చెప్పిందల్లా వినవలసి వస్తుంది.

ఈ ఆదివారం ఆ పని పూర్తి చేయండి. యంత్రం సంగతి ఎలా ఉన్నా, మీకు మాత్రం హాయిగా నిద్ర పడుతుంది.