ప్యాకెట్ మీద కుండ బొమ్మ ఎందుకు?

బోరునీటిలో సబ్బు సరిగా నురగ ఇవ్వదని మీరు గమనించే ఉంటారు. బిలాస్‌పూర్ పక్కన గతౌరా రైల్వేస్టేషన్ ఉన్న ఛత్తీస్‌గఢ్ మైదానాన్నే చూడండి. దాని అడుగున చాలాచోట్ల సున్నపురాయి ఉంది. అలాంటి నేలలోని నీటిలో కాల్షియం అయాన్లు కలుస్తాయి. అవి సబ్బులోని కొవ్వు ఆమ్లాలతో కలిసి తెల్లని తెట్టు కడతాయి. సబ్బు అరిగిపోతుంది, మురికి మాత్రం వదలదు!

డిటర్జెంట్‌కు ఈ ఇబ్బంది తక్కువ. కాని తొలినాటి డిటర్జెంట్లలో అణువుల గొలుసులకు కొమ్మలుండేవి. బాక్టీరియా వాటిని తేలిగ్గా విడగొట్టలేకపోయేది. 1950లలో ఐరోపా, అమెరికా నదులపై నురగ గుట్టలుగా తేలింది. 1960లలో కొమ్మలు లేని తిన్నని గొలుసులు వచ్చాయి. వీటిని బాక్టీరియా చివరి నుంచి కొరుక్కుంటూ పోతుంది. ‘బయోడిగ్రేడబుల్’ అంటే సాధారణంగా ఇంతే. నీటి కఠినత్వం తగ్గించడానికి పొడిలో ఫాస్ఫేట్ కలిపారా లేదా అన్నది ఆ మాట చెప్పదు. ఫాస్ఫేట్ నాచుకు మంచి ఎరువు. పెరిగిన నాచు కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ ఖర్చయి చేపలు చస్తాయి. బిలాస్‌పూర్‌లో అర్పా నదిలోకి చేరినది శివనాథ్ మీదుగా మహానదికి పోతుంది.

కనుక ఒక్క పదార్థాన్ని కాదు, మొత్తం పొడిని పరీక్షించాలి. ఈ ఉద్దేశంతోనే భారత ప్రభుత్వం 1991లో మట్టికుండ బొమ్మతో ‘ఎకోమార్క్’ ప్రవేశపెట్టింది. దాన్ని కోరిన కంపెనీలు బహు కొద్ది. 2024లో కొత్త నిబంధనలు వచ్చాయి.

మరి మన కుంకుడుకాయ? అందులోని సాపోనిన్ కఠిన జలంలోనూ నురగ ఇస్తుంది. అయితే సాపోనిన్లు చేపలకు విషం. కుంకుడు రసాన్ని చేపల తొట్టిలో మాత్రం పోయకండి!