పాత తూటా: తుప్పు పట్టినా తగ్గని ముప్పు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అడవుల్లో మావోయిస్టులు పాతిపెట్టిన డంపులను భద్రతా దళాలు వెలికితీసినప్పుడు తుపాకులతో పాటు తూటాలు కూడా బయటపడుతుంటాయి. 2025 అక్టోబరు 17న జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు 153 ఆయుధాలతో లొంగిపోయారు. ఆయుధాలు అప్పగించినంత మాత్రాన నేలలో దాచినవన్నీ ఒక్కసారిగా బయటికి రావు. ఏళ్ల తరబడి మట్టిలో ఉన్న తూటా పశువుల కాపరికో, ఇప్పపువ్వు ఏరేవారికో, పిల్లలకో దొరకవచ్చు. తుప్పు పట్టింది కదా, ఇంకేం పేలుతుందిలే అనుకోవడంలోనే ప్రమాదం ఉంది.

తూటాలో ఏముంటుంది?

పిస్టళ్లు, కార్బైన్లలో ఎక్కువగా వాడే 9 మిల్లీమీటర్ల తూటాలో నాలుగు భాగాలుంటాయి: ముందు బుల్లెట్, దాన్ని పట్టి ఉంచే ఇత్తడి కేసు, కేసులో తుపాకీ మందు, అడుగున ప్రైమర్. ప్రైమర్‌లో సాధారణంగా లెడ్ స్టిఫ్నేట్ అనే రసాయనం ఉంటుంది. దెబ్బ, రాపిడి, వేడి తగిలితే ఇది మండుతుంది. ఆ మంటతో మందు అంటుకుని, పుట్టిన వాయువుల ఒత్తిడికి బుల్లెట్ దూసుకుపోతుంది.

మందులో ప్రధానమైనది నైట్రోసెల్యులోజ్. ఇది కాలక్రమేణా తనంతట తానే విచ్ఛిన్నమై నైట్రోజన్ ఆక్సైడ్లను విడుదల చేస్తుంది. అవి పేరుకుంటే విచ్ఛిన్నం ఇంకా వేగవంతమవుతుంది. వాటిని పట్టి ఉంచడానికి డైఫినైలమైన్ వంటి స్థిరీకారిని కలుపుతారు. వేడిలో నిల్వ ఉంటే ఈ స్థిరీకారి త్వరగా ఖర్చయిపోతుంది. బస్తర్‌లో ఎండాకాలపు వేడికి తోడు వానాకాలపు తేమ. బుల్లెట్ అంచు నుంచో, ప్రైమర్ చుట్టూ ఉన్న సందు నుంచో తేమ లోపలికి చేరుతుంది. అయితే అన్ని తూటాలూ ఒకేలా పాడవవు. ఒకే డబ్బాలో ఒకటి పేలకపోవచ్చు, పక్కది మామూలుగానే పేలవచ్చు. పైకి చూసి తేడా చెప్పలేం.

గుర్రపుశాలలో పగిలిన ఇత్తడి

ఇత్తడి కేసు కూడా శాశ్వతం కాదు. బ్రిటిష్ పాలనలో మన దేశంలోని సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల్లో తూటాలను నిల్వ చేసేది. కొన్నాళ్లకు కేసులపై పగుళ్లు కనిపించేవి. దీనికి ‘సీజన్ క్రాకింగ్’ అని పేరొచ్చింది. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి కలిసి ఈ పగుళ్లకు కారణమని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ వివరించారు. అందుకే అమ్మోనియా కలిసిన ద్రావణాలతో తూటాలను తుడవకూడదు.

ఏం జరగవచ్చు?

తుపాకీ బయట తూటా పేలితే, బ్యారెల్ లేనందున బుల్లెట్‌కు పూర్తి వేగం రాదు. కానీ పగిలిన ఇత్తడి ముక్కలు, ప్రైమర్ ఎగిరి కళ్లను, చేతులను గాయపరచగలవు. పొయ్యిలో వేసినా, సుత్తితో కొట్టినా ఇదే ముప్పు.

తుపాకీలో పెడితే ప్రమాదం మరింత పెద్దది. మందు బలహీనపడితే బుల్లెట్ బ్యారెల్ మధ్యలోనే ఇరుక్కుపోవచ్చు. ఆ తర్వాత మరో తూటా కాలిస్తే బ్యారెల్ పగిలిపోవచ్చు. బుల్లెట్ కేసులోకి నొక్కుకుపోయి ఉంటే లోపలి ఖాళీ తగ్గి, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. పగుళ్లున్న కేసు నుంచి వేడి వాయువులు కాల్చేవారి ముఖంపైకి చిమ్మవచ్చు. కొన్నిసార్లు ట్రిగ్గర్ నొక్కిన కొన్ని క్షణాల తర్వాత తూటా పేలవచ్చు.

తూటా కనిపిస్తే

అడవిలో, పొలంలో తూటా కనిపిస్తే ముట్టుకోకూడదు. బస్తర్‌లో దానికి దగ్గర్లోనే మందుపాతర ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, ఇతరులను దూరంగా ఉంచి, సమీప పోలీసు స్టేషన్‌కు లేదా 112కు సమాచారమివ్వాలి. బావిలో పడేయడం, పాతిపెట్టడం, ఇత్తడి కోసం విప్పడం వద్దు. లైసెన్సు లేకుండా తూటాలు దగ్గర పెట్టుకోవడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం కూడా.

లైసెన్సుదారులు, ఆయుధాలు వాడే సిబ్బంది సొట్టలు, పగుళ్లు, పచ్చని చిలుము, లోపలికి జరిగిన బుల్లెట్, పైకి పొడుచుకొచ్చిన ప్రైమర్ ఉన్న తూటాలను తుపాకీలో నింపకూడదు. తడిసిన తూటాను ఎండలో ఆరబెట్టి వాడటం, చిలుమును గరుకు కాగితంతో రుద్దడం, పట్టకారుతో బుల్లెట్‌ను లాగడం ప్రమాదకరం. అలాంటివాటిని మంచి తూటాల నుంచి వేరు చేసి, గుర్తు పెట్టి ఆర్మరర్‌కు అప్పగించాలి. లైసెన్సుదారులైతే పోలీసులను సంప్రదించాలి. తూటా పేలకపోతే తుపాకీ మొనను సురక్షిత దిశలోనే ఉంచి, కనీసం 30 సెకన్లు ఆగాలి. తూటాలను పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. బుల్లెట్‌లో, ప్రైమర్‌లో ఉండే సీసం విషపూరితం.

పాత తూటా పనిచేస్తుందో లేదో పరీక్షించి తెలుసుకోవాలనుకోవడమే అన్నిటికన్నా ప్రమాదకరం. దాని పరిస్థితి తెలియనంతవరకు అది పేలుతుందనే భావించాలి.