ఆయిల్ ఇంజన్ పొగ లీకు: గుర్తింపు, సవరణ

నెల్లూరు తీరంలోని రొయ్యల చెరువుల వద్ద విద్యుత్తు నిలిచినపుడు ఏరేటర్లకు డీజిల్ ఇంజనే ఆధారం. ఉప్పుగాలికి సైలెన్సర్ గొట్టం, బోల్టులు త్వరగా తుప్పు పడతాయి. ఇంజనుకూ గొట్టానికీ మధ్యనున్న ప్యాకింగ్ కాలిపోతే పొగ పక్కకు చిమ్ముతుంది. అతుకు చుట్టూ మసి, టపటప శబ్దం దీని లక్షణాలు.

పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. అది హీమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా బంధిస్తుంది. మూసిన ఇంజను షెడ్డులో కాపలాదారు నిద్రించడం ప్రాణాంతకం కాగలదు.

లీకు కనబడగానే బోల్టులు మరింత బిగించడం పరిపాటి. కాలిన ప్యాకింగుకు అది పనిచేయదు. తుప్పు పట్టిన బోల్టు విరిగితే ఖర్చు రెట్టింపు. ఇంజన్ పూర్తిగా చల్లారాక గొట్టం విప్పి, రెండు ముఖాలపై మసిని గీకి, వేడికి తాళే కొత్త ప్యాకింగ్ అమర్చాలి. బోల్టులను మార్చిమార్చి, కొద్దికొద్దిగా సమంగా బిగించాలి. గొట్టానికే చిల్లు పడితే లప్పం నిలవదు, మార్చడమే మేలు. గొట్టం కొన షెడ్డు వెలుపలే ఉండాలి.