గొలుసు ఎవరి చేతిలో ఉంది?

2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఓ డెలివరీ కుర్రాడు భోజనం పార్సిల్ పట్టుకుని అపార్ట్‌మెంట్ మూడో అంతస్తుకి వెళ్లాడు. తలుపు తెరుచుకోగానే ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ మొరుగుతూ మీదికొచ్చింది. హడలిపోయి పరుగెత్తినవాడు అక్కణ్నుంచి కింద పడ్డాడు. కొద్ది రోజులకే ఆసుపత్రిలో ప్రాణం పోయింది. కుక్క యజమాని మీద పోలీసులు కేసు పెట్టారు. మరుసటి ఏడాది, 2024 మార్చి 12న, కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. ప్రమాదకరమైనవిగా ఎంచిన 23 జాతుల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపించాలనీ, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించాలనీ అందులో కోరింది. పిట్‌బుల్, రాట్‌వీలర్ ఆ జాబితాలో ఉన్నాయి. జర్మన్ షెపర్డ్ లేదు. ఉండాలని నేననడం లేదు. బంజారాహిల్స్‌లో ఆ ప్రాణం నిలబడాలంటే కావలసింది జాబితా కాదు. తలుపు తీసేముందు కుక్కను గదిలో కట్టేసే యజమాని.

అసలు ఆ జాబితా తయారైన తీరే విచిత్రం. తోసా అనే జపాన్ జాతి అందులో రెండు పేర్లతో రెండుసార్లు కనిపిస్తుంది. ఒకచోట ఉత్త ‘టెర్రియర్లు’ అని రాసి వదిలేశారు. ఆ మాటకొస్తే మూడు కిలోలైనా తూగని, ఒళ్లో కూర్చోబెట్టుకునే యార్క్‌షైర్ టెర్రియర్ కూడా ప్రమాదకరమైనదే! సంబంధం ఉన్నవాళ్ల వాదన వినకుండానే ఈ ఉత్తర్వు ఇచ్చారనీ, చట్టం ఇవ్వని అధికారాన్ని వాడారనీ కర్ణాటక హైకోర్టు 2024 ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. అభ్యంతరాలు విన్నాకే నిర్ణయం తీసుకుంటామని కేంద్రం ఢిల్లీ హైకోర్టులో ఒప్పుకుంది.

ఈ దారిలో మనకంటే ముందు నడిచిన దేశాలున్నాయి. బ్రిటన్ 1991లోనే నాలుగు జాతులను నిషేధించింది. ముప్పై ఏళ్లు దాటాక, మనుషుల్ని చంపుతోందంటూ ఎక్స్ఎల్ బుల్లీ అనే ఐదో రకాన్ని చేర్చాల్సి వచ్చింది. పాత పేర్లకు తలుపు మూస్తే కొత్త పేరుతో మరో బలమైన కుక్క వచ్చిందన్నమాట. నెదర్లాండ్స్ 1993లో పిట్‌బుల్‌ను నిషేధించి, కాట్లు తగ్గలేదని 2008లో ఎత్తేసింది. అమెరికాలో పద్దెనిమిది వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నించి, కొన్ని కుక్కల జన్యువులు కూడా పరిశీలించిన అధ్యయనం 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని అందులో తేలింది.

అయితే పిట్‌బుల్ పట్టు, పామరేనియన్ పట్టు ఒకటేనా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిందే. 2022లో లక్నోలో ఒక వృద్ధురాలిని ఇంట్లో పెంచుకుంటున్న పిట్‌బుల్లే చంపింది. పెద్ద దవడలున్న కుక్క కరిస్తే గాయం లోతుగా ఉంటుంది, నిజమే. అందుకని బరువైన, బలమైన కుక్కలకు ప్రత్యేక లైసెన్సు పెట్టవచ్చు, బయటికి తెస్తే మూతికి చిక్కం తప్పనిసరి చేయవచ్చు, ఒకసారి కరిచిన చరిత్ర ఉంటే షరతులు ఇంకా బిగించవచ్చు. ఇవన్నీ కంటికి కనిపించే, కొలవగలిగే విషయాలు. జాతి అలా కాదు. వీధిలో నడిచే సంకర కుక్కను చూసి ఇందులో పిట్‌బుల్ పాలు ఎంతో చెప్పమంటే మున్సిపల్ సిబ్బంది ఏం చెప్పగలరు? పైగా నిషేధమంటే భయపడి, చేతిలో ఉన్న కుక్కను రాత్రికి రాత్రి ఊరి బయట వదిలేసేవాళ్లు తయారవుతారు. అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. కానీ మొదటిసారి పట్టుబడితే జరిమానా యాభై రూపాయలు మించదు.

ఇక అపార్ట్‌మెంట్ల సంగతి. జనరల్ బాడీలో చేతులెత్తించి ‘పెంపుడు జంతువులు నిషేధం’ అని తీర్మానం చేసే సంఘాలు మన నగరాల్లో తక్కువేమీ కాదు. మెజారిటీ ఒప్పుకున్నా సరే, కుక్కను పెంచుకోవద్దనే అధికారం సంఘానికి లేదని జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లో చెప్పింది. లిఫ్ట్ ఎక్కనివ్వకపోవడం, మొరిగిందని ఖాళీ చేయమనడం కూడా కూడదంది. ఇవి మార్గదర్శకాలే కదా అని కొట్టిపారేయడానికి లేదు. పెంపుడు జంతువులు వద్దనే సంఘాల నిబంధనలు చెల్లవని కేరళ హైకోర్టు 2021లో తీర్పు కూడా ఇచ్చింది. అద్దెకుండేవాళ్ల పరిస్థితి మాత్రం వేరు. కుక్క ఉందంటే ఇల్లివ్వననే యజమాని చేత బలవంతంగా ఇప్పించే దారి దాదాపు లేదు. అందుకే వాళ్లు కుక్క సంగతి ముందే చెప్పి, అద్దె ఒప్పందంలో రాయించుకోవడం మేలు.

మరి కుక్కంటే వణికే పక్కింటి పిల్లాడి హక్కు మాటేమిటి? ఆ పిల్లాడికీ మెట్ల మీద భయం లేకుండా నడిచే హక్కు ఉంది. యజమాని బాధ్యత సరిగ్గా అక్కడే మొదలవుతుంది. కామన్ ఏరియాలో గొలుసు వదలకూడదు, మలం తానే ఎత్తాలి, ఏటా రేబిస్ టీకా వేయించాలి, మున్సిపాలిటీ లైసెన్సు ఉండాలి. సంఘం కుక్కను వెళ్లగొట్టలేకపోవచ్చు గానీ ఇవి పాటించమని గట్టిగా అడగగలదు. పాటించనివాళ్ల మీద ఫిర్యాదూ చేయగలదు. జంతువు వల్ల మనుషులకు హాని జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ సెక్షన్‌లో ఏ జాతి పేరూ లేదు.